తెగిన పదకొండు నిమిషాలు

పోయిన బుధవారం పొద్దున తొమ్మిదింటికి శామీర్‌పేట నుంచి ఫోను వచ్చింది. ఒకప్పుడు మేడ్చల్ బస్టాండు పక్కన వీడియో క్యాసెట్లు కిరాయికిచ్చిన భాయి భార్య మాట్లాడింది. అక్కను పిలిచినట్టు నన్ను ఆపా అంటుంది. "ఆపా, మీ భాయి తెల్లారంగ పోయిండు," అన్నది. గొంతులో ఏడుపు లేదు. "మీ జవాబుకు ఇడిసిన జాగ అట్లనే ఉంది," అన్నది.

ముప్పై నాలుగేళ్లు పిల్లలను జవాబుల కోసం బెంచీల మీద నిలబెట్టిన దాన్ని నేను. తెల్ల కాగితం ఇచ్చి వచ్చిన పిల్లలా ఫోను పట్టుకుని నిలబడడం నాకు అదే మొదటిసారి.

ఆయన పేరు ఇక్కడ రాయను. మేడ్చల్‌లో ఆ పేరుతో ఎవరికీ అవసరం పడలేదు. అందరికీ క్యాసెట్ల భాయి. చదువు ఆరో తరగతి. చూసినవన్నీ ఆకాశంలో ఓడలు తిరిగే సినిమాలు, మరమనుషుల సినిమాలు, వేరే గ్రహాల వాళ్లు మన భూమి మీదికి వచ్చి దేనికి వచ్చారో తేల్చుకోలేక అన్నీ తగలబెట్టే సినిమాలు. వాటి మీద ఆయన చెప్పినంత సూటిగా పెద్ద చదువులు చదివిన వాళ్లు కూడా చెప్పగా నేను వినలేదు. పెద్ద చదువులు చదివిన వాళ్లు ఎక్కువ మాట్లాడతారు, అది వేరే సంగతి.

మా పరిచయం తగాదాతో మొదలైంది. తొంభైల నడుమ మాట. నేను బాలికల హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పేదాన్ని. అర్ధ సంవత్సర పరీక్షలో "శూన్యంలో శబ్దం ప్రయాణించదు, కారణం రాయుము" అని ఇచ్చాను. తొమ్మిదో తరగతిలో సగం మంది, ప్రయాణిస్తుందని రాశారు. ఒక పిల్ల ఇంకా ముందుకు పోయి, "ఆకాశంలో ఓడ పేలినప్పుడు మా ఇంట్లో అందరం విన్నాము" అని రాసింది. ఈ విజ్ఞానం ఎక్కడి నుంచి వచ్చిందని ఆరా తీస్తే క్యాసెట్ల దుకాణం తేలింది. జవాబు పత్రాలు చంకన పెట్టుకుని పోయాను.

రేకుల గది. నేల నుంచి కప్పు దాకా క్యాసెట్లు. తెలుగు సినిమాలన్నీ చేతికందే ఎత్తులో, ఆయన ప్రాణానికి ప్రాణమైనవి పై మూడు వరసల్లో. ఎడమ చేతికి తెల్ల నూలు గ్లౌజు తొడుక్కుని ఒక క్యాసెట్టును గుడ్డతో తుడుస్తున్నాడు. చెమట తగిలితే టేపు పాడవుతుందని ఆ జాగ్రత్త అట. మంచి అలవాటే అనుకున్నాను.

"ఆకాశంల పేలుడు సినిమాలు పిల్లలకిచ్చేది నువ్వేనా?"

"నేనే టీచరమ్మ. కూసోండ్రి."

"కూసునేందుకు రాలే. శూన్యంల సప్పుడు ఉండదు. నీ పుణ్యాన నా క్లాసు సగం ఫెయిలైంది."

ఆయన ఆ పిల్ల జవాబు కూడబలుక్కుని మొత్తం చదివాడు. "గీమె మంచిగనే రాసింది గద. ఇంట్ల అందరు విన్నరంట. సాక్షులున్నరు."

"సాక్షులు కోర్టుకు. ఇది సైన్సు."

"నిజమే అనుకోండ్రి. కాని సప్పుడు లేకుంట పేలిందనుకో, మేడ్చల్ల ఎవ్వరు నమ్మరు. టీవీ ఖరాబైందని దాని నెత్తి మీద నాలుగు గుద్దుతరు. ఆ టీవీలు బాగు జేసేది గూడ నేనే."

నేను నవ్వలేదు. స్కూల్లో నాకొక పేరుంది, అది బస్టాండు దాకా పాకింది. కాని ఆయనే ఒక క్యాసెట్టు తీసి నా ముందు పెట్టాడు. "తప్పులు ఏడేడున్నయో సూసి జెప్పుండ్రి. నేను గోడకు రాసి పెడ్త." తప్పులు పట్టమని ఎవరైనా అడిగితే కాదనే గుణం నాకు పుట్టుకతోనే లేదు. తీసుకున్నాను.

ఆ దుకాణానికి ఒక కట్టుబాటు ఉండేది. క్యాసెట్టు వాపసు ఇచ్చేటప్పుడు దాని మీద ఏదో ఒక మాట చెప్పాలి. చెప్పనిదే ఆయన చేతిలోకి తీసుకోడు. "బాగుంది" అంటే చెల్లదు. "బాగుందని బిర్యానిని అంటరు. కథల ఎవరు తప్పు జేసిండ్రో జెప్పు," అనేవాడు. సాయంత్రం ఐదింటికి దుకాణం ముందు వరస కట్టేవాళ్లు. పోస్టుమ్యాను, పాలు పోసే ఆమె, పక్క దుకాణం దర్జీ, బస్సు కండక్టరు, అందరూ ఆ ఒక్క మాట కోసం దారి పొడవునా ఆలోచించుకుంటూ వచ్చేవాళ్లు. నా క్లాసులో అంత తయారై వచ్చిన వాళ్లను నేను చూడలేదు.

భాయి అభిప్రాయాలు మాత్రం ఖరారుగా ఉండేవి. మొదటి భాగంలో చచ్చినవాడు రెండో భాగంలో లేచి వస్తే ఆయనకు ఒళ్లు మండేది. "వీడు వాపస్ వచ్చిండు సరే. మొన్న నేను ఏడ్సిన ఏడుపు ఎవడు వాపస్ ఇస్తడు?" ఒక సినిమాలో రెండు గంటలూ యంత్రాలే చూపించారు. "మిషన్లే సూడాల్నంటే కుత్బుల్లాపూర్ దిక్కు ఏ షెడ్డుల కన్న పోత గద, టికెట్ గూడ లేదు. కథల మనిషి గావాలె," అన్నాడు. విలన్ల గురించి ఆయన మాట నాకు ఇప్పటికీ గుర్తు. "ఆకలైన విలనుతోని కథ నడుస్తది. ఊకె కోపమున్న విలనుతోని టైం నడుస్తది." వేరే గ్రహం వాడు చక్కటి ఇంగ్లీషు మాట్లాడితే మాత్రం నా వైపు తిరిగి, "వీనికి ఏ బడిల జెప్పిండ్రో కనుక్కోండ్రి టీచరమ్మ, మన పోరగాండ్లకు పదేండ్లు జెప్పినా వస్తలేదు," అనేవాడు. ఇంగ్లీషు చెప్పే మా తోటి మాస్టారు ఆ దుకాణానికి రావడం మానేశాడు.

ఇక ఓడ సంగతి. ఒకే ఓడ మీద తీసిన నాలుగు సినిమాలుండేవి. ఇంగ్లీషు పేరు నోరు తిరగక భాయి వాటి మీద ఓడ ఒకటి, ఓడ రెండు అని రాసుకున్నాడు. అందులో కెప్టెన్ ఉన్నాడు, అందగాడు, ప్రతి అరగంటకూ ఉపన్యాసం ఇస్తాడు. భాయికి వాడంటే పడదు. ఆయనకు నచ్చింది ఓడలో ఇంజన్లు బాగుచేసే ఆమె. నాలుగు సినిమాల్లోనూ ఆమెకు మాటలు తక్కువ, చేతినిండా పని. నాకూ ఆమే నచ్చింది. ఈ ఒక్క విషయంలో మాకు తగాదా లేదు.

రెండో భాగం చివర ఒక పాడుబడిన గ్రహం మీద ఆమె ఇంజను బాగుచేస్తుంటే ఇనుప తలుపు జారి ఎడమ చేతి మీద పడుతుంది. శత్రువులు దగ్గరికి వస్తున్నారు. కెప్టెన్ ఆమెను అక్కడే వదిలేసి ఓడను లేపుతాడు. సరిగ్గా అక్కడ టేపు తెగింది.

అది భాయి చేసిన తప్పే. కొత్త క్యాసెట్టు వచ్చిన రోజునే, తను చూడకముందే, ఒక పెళ్లివారింటికి ఇచ్చాడు. అప్పగింతలయ్యాక చుట్టాలకు కాలక్షేపానికి ఆకాశం సినిమా పెట్టుకునే ఇల్లు మేడ్చల్‌లో తప్ప ఇంకెక్కడా ఉండదు. వాళ్ల మిషన్ టేపును నమిలేసింది. నలిగిన ముక్కను భాయి కత్తెరతో తీసేసి రెండు కొసలూ అతికించాడు. అట్ట మీద రాసిన నిడివికీ సినిమాకూ ఎంత తేడా ఉందో నేనే గడియారం పెట్టుకుని చూశాను. పదకొండు నిమిషాలు.

అతుకు దాటగానే ఆమె మళ్లీ ఓడలో తన ఇంజను ముందు ఉంటుంది. ఎడమ చేతికి నల్ల గ్లౌజు. ఎలా వచ్చిందో, ఆ చేయి ఏమైందో ఒక్క మాట లేదు. మూడో భాగంలో, నాలుగో భాగంలో కూడా గ్లౌజు ఉంది, మాట లేదు.

ఇంకొక క్యాసెట్టు తెప్పించాలని భాయి సికింద్రాబాద్ రెండుసార్లు తిరిగాడు. దొరకలేదు. దాంతో ఓడ రెండుకు ప్రత్యేకంగా ఒక ప్రశ్న పెట్టాడు. తీసుకుపోయిన ప్రతివాళ్లూ వాపసు ఇచ్చేటప్పుడు ఆమె ఎట్లా వచ్చిందో చెప్పాలి. చెప్పింది చెప్పినట్టు ఆయన క్యాసెట్టు పెట్టె లోపలి కాగితం మీద, చీమల బారులాంటి ఉర్దూ అక్షరాలతో, మనిషికొక వరస రాసుకునేవాడు.

కండక్టరు చెప్పింది: "ఇంకో ఓడ ఆపి ఎక్కింది. ఆడమనిషి చెయ్యెత్తితే ఆపకుంట పోతరా?" దర్జీ ఆ మాట విని, "మీ బస్సు ఆగుతదా?" అని అడిగాడు. అందరిలోకీ భాయికి నచ్చింది పాలు పోసే ఆమె జవాబు. "ఆమెకు ఇంటికాడ పసిపిల్ల ఉండొచ్చు. పాలకేడుస్తదని వచ్చింది. ఎట్ల వచ్చిందంటే ఏం జెప్పాలె, వచ్చింది."

"టీచరమ్మ, మీది?"

"సూడనిది నేను జెప్పను."

"గా లైను ఖాళీగ ఇడుస్తున్న. యాదుంచుకోండ్రి."

ఒకరోజు నేను ఊరుకోలేక, "ఇదంతా ఎందుకు భాయ్, ఆ కెప్టెనే వాపస్ వచ్చి తీస్కపోయి ఉంటడు. ఇంధనం లేకుంట ఎవ్వరు పైకి లేవరు. లెక్క ప్రకారం ఇంకో దారి లేదు," అన్నాను. మామూలుగా ఎగిరి దూకేవాడు. ఆ రోజు దూకలేదు. గ్లౌజు తీసి చేయి బల్ల మీద పెట్టాడు. చిటికెన వేలు, దాని పక్క వేలు లేవు.

"కుత్బుల్లాపూర్ల ప్రెస్సు మిషన్ల బోయినయి. కంపెనీ వ్యాను ఆసుపత్రి గేటు కాడ దించి పోయింది. మల్ల ఎవ్వరు రాలే టీచరమ్మ. పదిరోజులకు కట్టు మీదనే బస్సెక్కి మేడ్చల్ వచ్చిన. ఒంటిచేత్తోని టికెట్ తీస్కున్న. ఎవరో వచ్చి తెచ్చి ఉంటరని నాకు జెప్పకుండ్రి. రాకుంట గూడ వస్తరు మనుషులు."

టేపుకు చెమట తగలకుండా తొడుక్కున్న గ్లౌజని నేను మూడేళ్లు నమ్మాను. పరిశీలన గురించి పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని.

నాకు క్షమాపణలు చెప్పడం అంతగా రాదు. "సరే, పూర్తి సినిమా ఎప్పుడు దొరికితే అప్పుడు సూసి, ఎట్ల వచ్చిందో నేనే వచ్చి జెప్త. ఏముంటే అదే జెప్త," అన్నాను. "గదే గావాలె," అన్నాడు. గ్లౌజు తొడుక్కున్నాడు.

కేబులు వచ్చింది, తరువాత డిస్కులు వచ్చాయి. రెండు వేల నాలుగు ప్రాంతంలో దుకాణం మూసేసి శామీర్‌పేటలో బావమరిది ఇంటి పక్క గదిలోకి మారాడు. మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసేవాడు. ఓడ నాలుగు భాగాలూ మాత్రం ఎవరికీ ఇవ్వకుండా వెంట తీసుకుపోయాడు. నేను రిటైరయ్యాను. రెండు మూడు నెలలకోసారి ఏదో ఒక మిక్సీ పట్టుకుని వెళ్లేదాన్ని. బాగున్న మిక్సీ కూడా ఒకసారి పట్టుకుపోయాను. ఆయన విప్పి చూసి, "దీనికేం రోగం లేదు, మీకే మాట్లాడే రోగం," అన్నాడు.

ఈమధ్య ఆయనకు షుగరు ముదిరి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. చూపు కూడా మందగించింది. సరిగ్గా అప్పుడే మా మనవరాలు ఓడ సినిమాలన్నీ తెచ్చింది. ఆ పిల్ల తుర్కపల్లిలో ఒక ల్యాబులో పనిచేస్తుంది. రోజూ ఒకే క్యాబులో వచ్చే తోటి పిల్ల దగ్గర నాలుగు భాగాలూ డిస్కుల మీద ఉన్నాయట. ఒక ఆదివారం మధ్యాహ్నం కంప్యూటరు ముందు కూర్చున్నాం. పరీక్షా ఫలితాల నాటిలా నేను ముందుకు వంగి కూర్చున్నాను.

పదకొండు నిమిషాల్లో తొమ్మిది నిమిషాలు తుపాకులు, మంటలు, శూన్యంలో పుష్కలంగా శబ్దం. చివరి రెండు నిమిషాల్లో కెప్టెన్ వాపసు వచ్చాడు. తలుపు పేల్చాడు. ఆమెను రెండు చేతులతో ఎత్తుకున్నాడు. ఒక జోకు వేశాడు. ఆమె నవ్వింది.

అంతే. ఇన్నేళ్లు ఒక ఊరు ఊరంతా ఆలోచించిన చోట వాళ్లు పెట్టింది అది. పాలు పోసే ఆమెను పిలిచి ఉంటే ఇంతకంటే బాగా రాసేది.

"అమ్మమ్మ, ఆయనకు చెప్పకు. ఆమే వచ్చిందని చెప్పు. ఆయనకేం తెలుస్తది?" అన్నది మనవరాలు.

"నాకు తెలుస్తది గద," అన్నాను. ముప్పై నాలుగేళ్లలో నేనొక్క గ్రేసు మార్కు వేయలేదు. ఏముంటే అదే చెప్తానని మాటిచ్చాను. అయినా ఆ మంచం పట్టిన మనిషి దగ్గరికి వెళ్లి, నువ్వన్నది తప్పు, ఎవరో వచ్చి తెస్తేనే వచ్చింది అని చెప్పడమెట్లా? ఆ ముక్క మళ్లీ పెట్టించాను. మూడోసారి చూస్తుంటే దొరికింది. ఎన్నో జవాబు పత్రాలు దిద్దిన కన్ను కదా, రాసిందాని కంటే రాయంది ముందు కనపడుతుంది.

మర్నాడు శామీర్‌పేట వెళ్లాను. భాయి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అప్పుడు చేతికి గ్లౌజు లేదు. అది పక్కనే కిటికీ ఊచకు ఆరేసి ఉంది, రెండు వేళ్లు మడిచి కుట్టి.

"సూసిన," అన్నాను.

భార్య పొయ్యి కాడి నుంచి వచ్చి గడపలో నిలబడింది.

"కెప్టెనే వచ్చి తీస్కపోయిండు భాయ్."

ఆయన కిటికీ వైపు తిరిగాడు. "ఎంతసేపు సూపిచ్చిండ్రు?"

"రెండు నిమిషాలు."

"ఆమె ఏమన్నది?"

"నవ్వింది."

"నవ్విందా," అన్నాడు. ఆ ఒక్క మాటలో ఆయన ఎంత డీలా పడ్డాడో నేను చూశాను. అప్పుడు రెండో మాట చెప్పాను. "కాని ఒకటి వదిలిండ్రు. వాడు ఎత్తుకునేటప్పుడు ఆ చెయ్యి సూపియ్యలే. చెయ్యి ఏమైందో జెప్పలే, గ్లౌజు ఎవరిచ్చిండ్రో జెప్పలే. ఎత్తుకున్నడు, అయిపోయింది. తర్వాత సీనుల గ్లౌజు ఉన్నది. సినిమా తీసినోళ్లే మర్చిపోయిండ్రు. మూడుసార్లు సూసిన."

ఆయన మెల్లగా నా వైపు తిరిగాడు. "అంటే ఓడలకు ఎట్ల వచ్చిందో జెప్పిండ్రు. పనిలకు ఎట్ల వచ్చిందో జెప్పలే."

"జెప్పలే."

"అయితే సవాలు ఇంక ఉన్నట్టే గద."

"ప్రశ్న ఉన్నట్టే."

నవ్వాడు. ఆ నవ్వు కోసం అయితే నేను ఇంకో ఇన్నేళ్లు ఆగేదాన్ని. "వాడు ఎత్తుకపోతే పోనీ టీచరమ్మ. ఎత్తుకపోవుడు రెండు నిమిషాల పని. తెల్లారి ఇంజను ముందల కూసునుడు అసలు కథ. అది తీసుడు వాళ్లకు శాత కాలే." భార్య వైపు చూసి, "గా పెట్టె తే," అన్నాడు. క్యాసెట్టు పెట్టె వచ్చింది. లోపలి కాగితం పసుపు పచ్చబడింది. చివర ఒక వరస ఖాళీ. "ఇప్పుడు సూసిండ్రు గద. ఇగ మీది జెప్పుండ్రి."

"ఆలోచించి జెప్త," అన్నాను. పరీక్షలో పిల్లలు ఆ మాటంటే కాగితం లాక్కునేదాన్ని. ఆయన మాత్రం, "ఆలోచించుండ్రి, జల్దీ ఏం లేదు," అన్నాడు. మూడు వారాలకు ఫోను వచ్చింది.

మూడో రోజు వెళ్లాను. ప్రార్థనలు అయిపోయి మగవాళ్లు వెళ్లిపోయారు. మేడ్చల్ నుంచి కూడా కొందరు వచ్చారట. పాలు పోసే ఆమె, ఇప్పుడామెకు మనవలున్నారు, నేను వెళ్లేసరికి గడపలో చెప్పులు వేసుకుంటూ, "పసిపిల్ల కోసమే వచ్చింది టీచరమ్మ, మల్ల మల్ల ఆలోచించినా నాకు గదే తోస్తున్నది," అని చెప్పి పోయింది.

భాయి భార్య చాప మీద కూర్చోబెట్టి ఆ పెట్టె తెచ్చింది. పెన్ను కూడా తెచ్చింది. ఆమెకు ఉర్దూ వచ్చు, నాకు రాదు. "జెప్పుండ్రి ఆపా, నేను రాస్త."

మూడు వారాలు ఆలోచించింది చెప్పాను, సినిమాలో ఉన్నది కాదు, నా జవాబు. "తలుపు కింద చేతిల ఎంత పోయిందో అంత పోయింది. మిగిలిన వేళ్లతోని ముందు చిన్న మరలు విప్పింది, తర్వాత పెద్దవి. తొందర పడలేదు. అక్కడ పడున్న ఇనుముతోని తన ఓడ తనే కట్టుకుని పోయి, పాత ఓడను అందుకున్నది. ఎందుకంటే ఆ ఇంజను సంగతి ఆమెకు తప్ప ఎవ్వరికి తెల్వదు. గ్లౌజు సిగ్గుకు కాదు, పనికి."

ఆమె సగం రాసి ఆగింది. "సిగ్గుకు గూడ ఉండె ఆపా, మొదట్ల. తర్వాత పనికి."

"అట్లనే రాయి," అన్నాను. నాకంటే ఆమెకు బాగా తెలుసు.

రాసి, పెన్ను మూసి, మళ్లీ నా ముఖం చూసింది. "ఆయన ఉంటే ఒకటి అడుగుతుండె. ఇంధనం ఏడికెల్లి వచ్చిందని. మీరే జగడం పెట్టుకున్నరంట గద దాని మీద."

నిజమే. మూడు వారాలు నేను తప్పించుకు తిరిగిన చోటు అదే. ఎంత లెక్క వేసినా ఆ గ్రహం మీద ఇంధనం లేదు.

"దానికి గ్రేసు మార్కులు ఏసుకోమను," అన్నాను.

ఆమె నవ్వి, కళ్లు తుడుచుకుని లేచింది. పొయ్యి మీద చాయ్ పొంగుతున్నది. కిటికీ ఊచ మీది గ్లౌజు తీసి తొడుక్కుంది. అది ఆమెకు కొంచెం పెద్దది. తన చివరి రెండు వేళ్లు లోపలికి ముడుచుకుని, మూడు వేళ్లతో గిన్నె అంచు పట్టి, ఒక్క చుక్క ఒలకకుండా దించింది. గ్లౌజుకు కుట్టిన రెండు వేళ్ల కొసలు పక్కకు నిక్కి, ఆవిరిలో మెల్లగా తడుస్తున్నాయి.